ఉత్తుత్తి, తూచ్, అరటిపండు: బాల్యకల్పన, అంతర్జాల భద్రత - ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

పిల్లలను అంతర్జాలంలోని ప్రమాదాల నుండి కాపాడటం, వారి ఊహాశక్తిని కాపాడటం పరస్పర విరుద్ధమైన పనులా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతీయ తర్క, అలంకార శాస్త్రాలలోని ఆహార్యజ్ఞాన భావనను, తెలుగు పిల్లల ఆటల్లో వినిపించే 'ఉత్తుత్తి', 'తూచ్', 'ఆటలో అరటిపండు' అనే మాటలను ఆధారం చేసుకొని, ప్రమాదానికి మూలం పిల్లల ఊహ కాదని, ఊహకు రక్షణగా ఉన్న కట్టుబాట్లు తెరమీది ఆటలో లోపించడమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బాల్యకల్పన, ఆహార్యజ్ఞానం, భ్రాంతి, అంతర్జాల భద్రత, నిఘా, బాలల హక్కులు.

ఉపోద్ఘాతం

పెరట్లో కర్రను గుర్రంగా చేసుకొని తిరిగే పిల్లవాడిని చూసి పెద్దలు భయపడరు. అదే పిల్లవాడు ఫోను తెరమీద వేరొక పేరు, వేరొక ముఖం పెట్టుకొని ఆడుతుంటే భయపడతారు. రెండు చోట్లా పిల్లవాడు చేసే పని ఒకటే: లేనిదాన్ని ఉన్నట్టు భావించుకోవడం. భయం మాత్రం ఒకచోట లేదు, మరొకచోట ఉంది.

ఆ భయం నిరాధారమైనది కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టానికి 2008లో జరిగిన సవరణ 67-బి సెక్షన్‌ను చేర్చి, లైంగిక ప్రయోజనం కోసం పిల్లలను అంతర్జాల సంబంధాల్లోకి ఆకర్షించడాన్ని నేరంగా పేర్కొన్నది. 2012 నాటి పోక్సో చట్టం ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా లైంగిక ఉద్దేశంతో పిల్లలను పదే పదే సంప్రదించడాన్ని లైంగిక వేధింపుగా పరిగణించింది. ప్రమాదం ఉన్నదన్న విషయంలో వివాదం లేదు. దానినుండి కాపాడే క్రమంలో బాల్యంలోని ఏ భాగాన్ని వదులుకోవలసి వస్తుంది, వదులుకోవడం న్యాయమేనా అన్నవే ప్రశ్నలు.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో ఈ ప్రశ్న బీజప్రాయంగా ఉంది. దాని 16వ అధికరణం పిల్లల ఏకాంతాన్ని, 19వ అధికరణం హింస నుండి రక్షణను, 31వ అధికరణం ఆటను హక్కులుగా గుర్తించాయి. భారతదేశం 1992లో ఈ ఒడంబడికలో చేరింది. ఈ హక్కులు డిజిటల్ పరిసరాలకూ వర్తిస్తాయని బాలల హక్కుల కమిటీ 2021లో తన 25వ సాధారణ వ్యాఖ్యలో వివరించింది. పత్రంలో మూడు హక్కులూ సఖ్యంగానే ఉన్నాయి. ఇంట్లో మాత్రం ఒకదాన్ని పట్టుకుంటే మరొకటి జారిపోతున్నట్టు తల్లిదండ్రులకు అనిపిస్తుంది. ఈ వైరుధ్యం నిజమైనదా, ఆభాసమా అని తేల్చడానికి ముందు, ఊహ అంటే ఏమిటో నిర్ణయించుకోవాలి.

ఊహ, భ్రాంతి, వంచన

ఊహకు, భ్రాంతికి గల భేదాన్ని మన శాస్త్రకారులు స్పష్టంగా గుర్తించారు. ఎదుట ఉన్నది తాడని తెలియక పామనుకోవడం భ్రాంతి. తాడని తెలిసి కూడా, కోరి, దానిని పాముగా భావించుకోవడం ఆహార్యజ్ఞానం. తార్కికుల పరిభాషలో, బాధకజ్ఞానం ఉన్నప్పుడే ఇచ్ఛవల్ల పుట్టే జ్ఞానం ఆహార్యం. ఆలంకారికులు ఈ భావనను తమ శాస్త్రానికి అన్వయించుకున్నారు. రూపకంలో ముఖాన్ని చంద్రుడనడం ఆహార్యం. అది చంద్రుడు కాదని కవికీ తెలుసు, పాఠకుడికీ తెలుసు. భ్రాంతిమదలంకారంలో ఆ ఎరుక ఉండదు. జగన్నాథ పండితరాయలు రసగంగాధరంలో భ్రాంతిని అనాహార్యమైన నిశ్చయంగా నిర్వచించడం ఈ భేదాన్ని దృష్టిలో ఉంచుకొనే.

నటునిలో రామబుద్ధి కలిగే తీరును వివరించిన శ్రీశంకుకుని చిత్రతురగ న్యాయమూ ఇక్కడ స్మరణీయం. బొమ్మలోని గుర్రాన్ని చూసి గుర్రమనుకోవడం సమ్యగ్జ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, సంశయం కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు; వీటన్నిటికంటె విలక్షణమైన ప్రతీతి. పెరట్లోని కర్రగుర్రం ఈ చిత్రతురగానికి సోదరమే. పిల్లవాడు దానికి గడ్డి వేస్తాడు, నీళ్లు చూపిస్తాడు, అదిలిస్తాడు. తల్లి అన్నానికి పిలవగానే గోడకు ఆనించి లోపలికి పోతాడు. గుర్రం పారిపోతుందని బెంగపడడు. మరీ పసివయసులో ఈ ఎరుక ఒక్కొక్కసారి సడలవచ్చు. తమ్ముడు వేసిన బూచివేషానికే అన్న జడుసుకోవచ్చు. అప్పుడు కూడా 'ఉత్తిదే కదా' అని అడిగి, అవుననిపించుకొని, మళ్లీ ఆటలో పడతాడు. కాబట్టి ఊహించే పిల్లవాడు మోసపోతున్నవాడు కాడు.

ఈ నిర్వచనంలో ఇచ్ఛ అన్న మాట కీలకమైనది. ఆహార్యంలో ఇచ్ఛ ఊహించేవాడిది. వంచనలో ఇచ్ఛ మరొకడిది; ఊహించేవాడికి ఆ సంగతి తెలియదు. పన్నెండేళ్ల పిల్లగా నటిస్తూ ఒక వయోజనుడు మరొక పిల్లతో స్నేహం కలిపినప్పుడు, ఆ పిల్ల ఊహ అతిశయించి ప్రమాదం రాలేదు. ఆమె ఆహార్యమని నమ్మి అడుగుపెట్టిన చోటును అతడు ఆమెకు తెలియకుండా భ్రాంతిగా మార్చాడు. దోషం కల్పనలో లేదు, కప్పిపుచ్చడంలో ఉంది. 'ఊహల్లో తేలుతుంటే ఇలాగే అవుతుంది' అని పిల్లలను మందలించడం తార్కికంగానూ తప్పు, నైతికంగానూ అన్యాయం.

ఆటలోని మూడు కట్టుబాట్లు

ఆహార్యం ఒక మనసులో ఉన్నంతకాలం దానికి వేరే రక్షణ అక్కరలేదు. నలుగురు కలిసి ఊహించినప్పుడు కట్టుబాట్లు కావాలి. తెలుగు పిల్లలు వాటిని శాస్త్రం చదవకుండానే ఏర్పరచుకున్నారు.

మొదటిది 'ఉత్తుత్తి'. ఉత్తుత్తి వంట, ఉత్తుత్తి పెళ్లి, ఉత్తుత్తి ఏడుపు అన్నప్పుడు, జరుగుతున్నది నిజం కాదన్న ఎరుక అందరిలోనూ సమానంగా ఉందని ఆ మాట ప్రకటిస్తుంది. ఒక్కరికి తెలిసి మరొకరికి తెలియకపోతే అది ఉత్తుత్తి కాదు, మోసం. పిల్లలే ఆ తేడా పట్టుకొని తగువుకు దిగుతారు.

రెండవది 'తూచ్'. వేసిన అడుగును వెనక్కి తీసుకోవడానికి, అన్న మాట చెల్లదనడానికి వాడే మాట ఇది. తూచ్ అన్న తరువాత జరిగినది లెక్కలోకి రాదు. తప్పు చేసినా తిరిగి రాగల దారి ఉందన్న ధైర్యమే పిల్లలను కొత్త పాత్రల్లోకి, కొత్త సాహసాల్లోకి పంపుతుంది.

మూడవది 'ఆటలో అరటిపండు'. చిన్నవాడిని ఆటనుండి తరిమివేయరు. పెద్దవాళ్ల నియమాలను వాడిపై రుద్దరు. వాడు పరుగెత్తుతాడు, పట్టుబడతాడు, అయినా వాడి వంతు పోదు. పెద్దల వాడుకలో ఈ మాటకు లెక్కలోకి రానివాడన్న చులకన అర్థం స్థిరపడింది. పిల్లల వాడుకలో మాత్రం ఇది బలహీనుడిని కాపాడుతూనే కలుపుకొనే ఏర్పాటు. భద్రతను, భాగస్వామ్యాన్ని కలిపి ఇంత చిన్న మాటలో చెప్పిన పరిభాష చట్టాల్లో దొరకదు.

తెరమీది ఆట

ఈ మూడు కట్టుబాట్లనూ గీటురాయిగా పెట్టి చూస్తే, తెరమీది ఆటలో లోపించినదేమిటో తెలుస్తుంది.

మారుపేరు, మారువేషం వాటికవే దోషాలు కావు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణి మద్రాసు కేంద్రం నుండి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగు పిల్లలను పలకరించారు. 1945లో 'బాల' పత్రికను ప్రారంభించారు. అన్నయ్య, అక్కయ్య అన్నవి ఆహార్య బంధుత్వాలే. అయితే ఆ గొంతులు ఎవరివో లోకానికి తెలుసు. పిల్లలు విన్న మాటనే పక్కన కూర్చున్న పెద్దలూ విన్నారు. తెరమీద ఈనాడు 'అన్నయ్య' అని పరిచయమయ్యేవాడి విషయంలో ఈ రెండూ లేవు: ఎవరో తెలియదు, అతడి మాట ఆ పిల్లకు తప్ప మరొకరికి వినిపించదు. బంధుత్వం రెండు చోట్లా కల్పితమే. మొదటిది ఉత్తుత్తి, రెండవది వంచన.

సంభాషించే యంత్రాల విషయంలో ఈ ప్రశ్న మరింత సూక్ష్మమవుతుంది. బొమ్మతో మాట్లాడే పిల్ల రెండు వైపుల మాటలూ తానే ఆడుతుంది. అక్కడ ఇచ్ఛ పూర్తిగా ఆమెదే. చాట్‌బాట్ తిరిగి జవాబిస్తుంది. ఎదుట ఉన్నది యంత్రమని పిల్లకు తెలిసి ఉండవచ్చు. ఆ సంభాషణ ఎంతసేపు సాగాలని దానిని తయారుచేసినవారు కోరుకుంటున్నారో తెలియదు. బొమ్మను పక్కన పెడితే బొమ్మ ఊరుకుంటుంది. ఊరుకోని బొమ్మతో ఆడుతున్నప్పుడు ఉత్తుత్తి ఎక్కడ ముగుస్తుందో పిల్లకు ఎవరు చెప్పాలన్నది ఇంకా తేలవలసిన విషయం.

తూచ్ సంగతి అంతకంటె కఠినం. పెరట్లో అన్న మాట గాలిలో కలిసిపోతుంది. తెరమీద అన్న మాట, పంపిన ఫొటో నిలిచిపోతాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2013లో చేసిన చట్టం, మైనర్లు తాము పెట్టినదాన్ని తొలగించుకునే వీలు కల్పించింది. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ తొలగింపు హక్కును గుర్తించింది. అయితే బాలల విషయంలో హక్కుదారు అన్న మాటలో తల్లిదండ్రులను లేదా సంరక్షకులను కూడా చేర్చింది. పిల్లల తూచ్ పెద్దల నోటినుండి పలకవలసి రావచ్చు. ఏమి జరిగిందో పెద్దలకు చెప్పుకోగలిగిన పిల్లలకే ఆ హక్కు అప్పుడు అక్కరకు వస్తుంది.

ఇక అరటిపండు. అమెరికా 1998 నాటి చట్టం పదమూడేళ్ల లోపువారి సమాచార సేకరణకు తల్లిదండ్రుల సమ్మతి కావాలన్నది. భారత చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారందరికీ అదే సమ్మతిని విధించి, పిల్లల ప్రవర్తనపై నిఘాను, వారిపై గురిపెట్టిన ప్రకటనలను నిషేధించింది. ఈ నిషేధం మెచ్చదగినది. నిఘా అన్నది వ్యాపారులు చేసినా నిఘాయేనని అది గుర్తించింది. కానీ ఏడేళ్ల పిల్లకు, పదిహేడేళ్ల యువతికి ఒకే కొలత పెట్టింది. ఆస్ట్రేలియా పదహారేళ్ల లోపువారికి సామాజిక మాధ్యమాల ఖాతాలను నిరోధిస్తూ 2024లో చేసిన చట్టం 2025 డిసెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. బాధ్యతను పిల్లలమీద, తల్లిదండ్రులమీద కాక సంస్థలమీద పెట్టడం అందులోని న్యాయం. అయినా వయసు గీత అనేది పిల్లలను లోపల పెద్దలతో సమానం చేస్తుంది, లేదా బయట నిలబెడుతుంది. వయసు పెంచి రాసుకొని లోపలికి వచ్చిన పిల్లవాడు ఆ క్షణం నుండి పెద్దవాడిగా లెక్కకు వస్తాడు; రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాడికే అది అందదు. చిన్నవాడిగానే ఆడనిచ్చే మూడవ స్థానాన్ని, అంటే అరటిపండు స్థానాన్ని, నిర్మించవలసిన భారం ఆట నడిపేవారిది.

పూర్వపక్షం: నిఘా తప్పదా?

ఇక్కడ బలమైన ఆక్షేపం ఉంది. కట్టుబాట్లు వచ్చేదాకా పిల్లలను ఎవరు కాపాడాలి? ఏకాంతం పేరుతో వదిలేస్తే ఆ ఏకాంతంలోకే వంచకుడు వస్తాడు కదా. పిల్లల ఫోనులోని ప్రతి మాటనూ చదవడం తల్లిదండ్రుల ధర్మం కాదా?

పోతన భాగవతం దశమస్కంధంలోని వరుస ఘట్టాలు ఈ ఆక్షేపాన్ని పరిశీలించడానికి తోడ్పడతాయి. వాటి భక్తిపరమైన అర్థాన్ని పక్కన పెట్టి, తల్లీబిడ్డల కథగా మాత్రమే చూద్దాం. పూతన అందమైన స్త్రీ రూపంలో వచ్చింది, పెద్దలే పోల్చుకోలేకపోయారు. గుర్తించలేకపోవడం పిల్లల లోపమన్న వాదన ఇక్కడే వీగిపోతుంది. మన్ను తిన్నాడన్న ఫిర్యాదు వచ్చినప్పుడు యశోద నోరు తెరవమన్నది; బిడ్డ నోట్లో ఆమె ఊహించని విశ్వం కనిపించింది. అల్లరి హెచ్చినప్పుడు రోటికి కట్టబోతే, ఎంత తాడు తెచ్చినా రెండంగుళాలు తక్కువైంది. తల్లి అలసట చూసి బిడ్డ జాలిపడినప్పుడే ముడి పడింది. కట్టిన రోటినే ఈడ్చుకుపోగా రెండు మద్దిచెట్లు కూలాయి.

లౌకికంగా చూస్తే, బిడ్డ సమ్మతి లేని తాడు ఎప్పుడూ పొట్టిదే. ఫోనులో తల్లిదండ్రులు అమర్చే నిఘా సాధనాల గతీ ఇంతే. వాటిని దాటే ఉపాయం పిల్లలకు ముందే తెలుస్తుంది. ముడి పడినా అది కొత్త ప్రమాదాన్ని ఈడ్చుకు రావచ్చు. ప్రతి మాటా చదవబడుతుందని తెలిసిన పిల్ల ఊహించడం మానదు. ఎవరూ చూడని చోటు వెతుక్కుంటుంది. ఎవరూ చూడని చోటు కావాలనే వంచకుడూ కోరుకుంటాడు.

ఆక్షేపంలోని సత్యాన్ని కాదనలేము. పసివయసులో పెద్దల సన్నిధి అవసరం. ఆపద సంకేతం కనిపించినప్పుడు కలుగజేసుకోవడం ధర్మం. కానీ సన్నిధి వేరు, నిఘా వేరు. సన్నిధి పిల్లలకు తెలిసి ఉంటుంది, వయసుతోపాటు సడలుతుంది, ఆపదలో పిలుపుకు అందుతుంది. నిఘా చాటుగా ఉంటుంది, అనుమానంతో మొదలవుతుంది, తప్పును పట్టుకోవడంతో ముగుస్తుంది. వంచకుడు పంపించుకున్న ఫొటోను చూపి బెదిరించేటప్పుడు అతడి చేతిలోని అసలు ఆయుధం ఆ ఫొటో కాదు, 'ఇంట్లో తెలిస్తే' అన్న భయం. ఆ భయాన్ని పెంచే ఏ రక్షణ పద్ధతి అయినా అతడికే బలం చేకూరుస్తుంది.

ముగింపు

ఊహను కాపాడటానికి, పిల్లను కాపాడటానికి మధ్య కనిపించే వైరుధ్యం, ఊహను భ్రాంతిగా పొరబడటం వల్ల కలిగినది. ఊహ ఆహార్యమని గ్రహిస్తే రెండు కర్తవ్యాలూ ఒకే దిశలో సాగుతాయి. ఎదుటివారి నిజస్వరూపాన్ని దాచనివ్వని ఏర్పాటు ఉత్తుత్తిని కాపాడుతుంది. వెనక్కి తీసుకునే హక్కు తూచ్‌ను కాపాడుతుంది. చిన్నవారిని చిన్నవారిగానే ఆడనిచ్చే నిర్మాణం అరటిపండును కాపాడుతుంది. మొదటిది, మూడవది ప్రధానంగా సంస్థల, ప్రభుత్వాల బాధ్యత.

రెండవదానిలో ఇంటికీ పాలుంది. చట్టం తెరమీది ఫొటోను తొలగించగలదు. పొరపాటు చేసిన పిల్లను మళ్లీ ఆటలోకి తీసుకోవడం చట్టం వల్ల కాదు. 1098 బాలల సహాయవాణి, 1930 సైబర్ నేరాల సహాయవాణి ఉన్నాయి. ఆ నంబర్ల దాకా వెళ్లాలంటే పిల్ల ముందు ఎవరో ఒక పెద్దమనిషికి జరిగినది చెప్పగలగాలి. చెప్పినందుకు ఫోను లాక్కోరని, చదువు మాన్పించరని, నింద తనమీద పడదని ఆమెకు ముందే తెలిసి ఉండాలి. ఆ ఇంట్లో తూచ్ చెల్లుతుందా లేదా అన్నదే ఈ చర్చలో తల్లిదండ్రులు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న.