పక్షికి మనిషి పడ్డ బాకీ

ములకలపల్లి, భద్రాచలం అడవుల సీమలో జటాయువు కథ పుస్తకాలకే పరిమితం కాలేదు. భద్రాచలం చేరువలోని ఏటపాకను ఆ పక్షి రావణుని అడ్డగించిన చోటుగా స్థానికులు చెప్పుకుంటారు. అరణ్యకాండలో రాముడు ఆ గృధ్రరాజుకు, అంటే రాబందుల రేడుకు, తండ్రికి చేసినట్టే దహనం చేసి, గోదావరిలో ఉదకం విడిచాడు. అయితే అది ఉపకారం చేసిన పక్షికి తీర్చిన రుణం. ఏ ఉపకారమూ చేయని పక్షికి మనిషి బాకీ ఉన్నాడా అన్నది అసలు ప్రశ్న. గృహస్థు నిత్యం చేయవలసిన అయిదు యజ్ఞాలలో ఒకటైన భూతయజ్ఞం, అనగా పశుపక్ష్యాదులకు అన్నంలో భాగం పెట్టడం, ఉన్నాడనే చెబుతుంది.

పులికాట్ ఉప్పునీటి సరస్సుకు చేరువలో, 1976లో అభయారణ్యమైన నేలపట్టులో ఈ ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. ఈశాన్య రుతుపవనాలు చెరువును నింపగానే గూడబాతులు నీట మునిగిన కడప చెట్లపై గూళ్లు కడతాయి. పిల్ల తన తల మొత్తాన్ని తల్లి గొంతుసంచిలోకి దూర్చి, సగం అరిగిన చేపను లాక్కుని తింటుంది. రెట్ట కలిసిన ఆ నీరు పొలాలకు ఎరువు కాబట్టి, పక్షులు వస్తే వానలూ పంటలూ బాగుంటాయని నమ్మిన రైతులు వాటిని కాపాడుతూ వచ్చారు. ఫలాపేక్ష లేని నిష్కామకర్మే ధర్మమనే వారికి ఇది లెక్కలోకి రాకపోవచ్చు గాని, ఆ పట్టింపు కాస్త అతిగానే తోస్తుంది. దేవతలూ మనుషులూ ఒకరినొకరు పోషించుకోవడాన్నే గీత మూడవ అధ్యాయం శ్రేయస్సుగా చెప్పింది మరి. కొల్లేటి గట్ల మీద మాత్రం గూడబాతు మింగేది రైతు పెట్టుబడి పెట్టి పెంచిన చేపను. అక్కడ పరస్పర పోషణ వాదం చాలదు, భూతయజ్ఞం చెప్పే బాకీనే ఆశ్రయించవలసి వస్తుంది.