కలకూ అడవి కావాలి

ఫిలిప్పీన్స్‌లోని లేక్ సెబులో త్బోలి తెగ స్త్రీలు అబాకా మొక్క నారతో త్‌నలాక్ బట్ట నేస్తారు. రంగు అంటకూడని చోట నారను ముందే ముడులేసి కట్టి, అద్దకానికి ఆకులూ వేర్లూ ఉడికిస్తారు. నమూనాను అబాకా దేవత ఫు దాలు కలలో ఇస్తుందని వారి నమ్మకం. ఆ నమ్మకంలో కళ, అడవి విడివిడిగా లేవు. కనుక కళాకారులను ఆదుకునే సేవాసంఘం అడవికోసమూ నిలబడటం దారి తప్పడం కాదు, ధర్మమే. 1998లో జాతీయ పురస్కారం అందుకున్న త్బోలి నేతగత్తె లాంగ్ దులాయ్ ఈ విద్యను పిల్లలకు నేర్పారు. నారే దొరక్కపోతే ఆ పిల్లలు నేసేది దేంతో? ముందు నేతగత్తె కడుపు నిండాలి కదా అంటారు కొందరు. నిజమే, కూలి ఆలస్యం కాకూడదు. అయితే దేవతను నమ్మని దాత కూడా కూలితోపాటు అబాకా మొక్కల ఖర్చూ భరించాలి.