దానమా? ఋణమా?

గృహస్థుడు నిత్యము ఆచరింపవలసిన పంచమహాయజ్ఞములలో బ్రహ్మయజ్ఞము, భూతయజ్ఞము అను రెండును గలవు. చదువుట, చదువు చెప్పుట మొదటిది. పశుపక్ష్యాదులకు తన అన్నములో భాగమిడుట రెండవది. పూర్వులు వీనిని దానములలో చేర్చలేదు. దానము ఇష్టమున్న ఇచ్చునది, లేకున్న మానునది. యజ్ఞమట్లు కాదు, అది ఋణము తీర్చుట. మఱి పల్లెలోని బడికిగాని, చెరువుమీది పక్షికిగాని పట్టణవాసి చేయు సాయము ఈ రెండింటిలో ఏది?

భిలాయి చెంతనున్న రిసాలి ఈ ప్రశ్నకు తగిన తావు. ఉక్కు కర్మాగారమున 1959లో మొదటి కొలిమి రగిలినది మొదలు శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములనుండి పెక్కు తెలుగు కుటుంబములు వచ్చి ఈ చుట్టుప్రక్కల స్థిరపడినవి. ఆ కొలిమిలో కరగు ఖనిజము దల్లీ-రాజహరా కొండలను త్రవ్వి తెచ్చినది. కర్మాగారమునకు కావలసిన నీరు తాందుల జలాశయమునుండి పారినది. ఆ కొండలపై అడవి యుండినది. ఆ నీటికై పొలములు కాచుకొనియుండినవి. అట్టి జీతముతో తన పిల్లలను చదివించుకొన్నవాడు పల్లెబడికి నాలుగు బల్లలు కొనియిచ్చి గోడపై పేరు చెక్కించుకొనుట, అప్పు తీర్చినవాడు సన్మానము కోరుట వంటిది.

ఒకనాడు దుర్గు జిల్లాలో చేరియుండి, 2012 నుండి బేమేతర జిల్లాలోనున్న గిధ్వా, పరసదా గ్రామముల చెరువులకు శీతకాలమున హిమాలయముల కావలినుండి బాతులు వచ్చును. 2021లో అచ్చట పక్షిమహోత్సవము జరిగినది. చూడవచ్చినవారు చూచి మరలిరి; చెరువునొద్ద మిగిలినది గ్రామస్థులే. టెక్కలి చెంత తేలినీలాపురములోను ఇంతే. గూడకొంగలు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు సెప్టెంబరు ప్రాంతమున వచ్చి, చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని వేసవికి ముందు వెడలిపోవును. వాని రాక ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మకము. ఆ నెలలలో దుర్గంధమును, రెట్టను సహించువారు వారు. కొమ్మ నఱకక, కాయ దులపక ఊరకుండువారు వారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటగాని చేతిని పట్టగలదు. చెట్టుగల వాని సహనమును ఏ చట్టము పుట్టింపగలదు?

ఇచ్చటనే బడి ప్రసక్తి వచ్చును. ఈ కొంగలను జనులు సైబీరియా పక్షులని పిలుతురు. అది సరికాదు. ఉత్తరదేశముల పక్షులు చలికి జడిసి వచ్చి, గూడు కట్టకయే మరలిపోవును. ఇచ్చట గ్రుడ్డు పెట్టి పిల్లను పెంచు పక్షికి ఇదియే పుట్టినిల్లు. ఈ సంగతి పిల్లవానికి చెప్పిన ఉపాధ్యాయుడు అవ్వ నమ్మకమును తీసివేయలేదు. దానికి దన్ను ఇచ్చినాడు. అవ్వ మాటను మూఢత్వమని నవ్వి, దాని స్థానమున ఏమియు నింపని చదువు మాత్రము రెండు విధముల నష్టము. అట్టి చదువు చదివినవానికి చెట్టుపై నున్నది అతిథియు కాదు, పొరుగుజీవియు కాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లాను తాకి లెక్కకు మించిన చెట్లను కూల్చినది. చింతమొక్క గూళ్ళు మోయునంతటి మ్రానగుటకు పదేండ్లు చాలవు. నేడు బడిలోనున్న బాలుడు దానిని నాటినచో, అది ఎదుగునాటికి అతడు గృహస్థుడై యుండును. అంతవరకు మొక్కకు నీరు పోయువారెవరు? ఆ బాలుని చదువు ఐదవ తరగతితో ఆగకుండ చూచువారెవరు? చెట్టు ఎదిగిన పిమ్మట, పక్షుల కొఱకు దులపక విడిచిన చింతపండు ఖరీదు ఎవరిపై పడవలయును? రిసాలి కుటుంబములు సంక్రాంతికి స్వగ్రామములకు వచ్చినపుడు, ఊరివారితో కూర్చుండి వేసికొనదగిన పద్దులివి.