చిన్న రెండంకె

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌కు ఒక కొస వైశాలి. ఆ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక అపార్టుమెంట్ నాలుగో అంతస్తులో ఒక తెలుగు కుటుంబం ఉండేది. కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన తాతగారు ఒక జనవరిలో కూతురింటికి వచ్చారు. మనవరాలిది పదో తరగతి. బోర్డు పరీక్షలు దగ్గర పడుతున్నాయి.

రసాయన చర్యల పాఠం ఆ పిల్లకు కంఠతా వచ్చు. ఇంగ్లిషు మాటలకు తాతగారు తెలుగు పేర్లు అందిస్తుంటే గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పింది. కాల్చిన సున్నంలో నీళ్లు పోస్తే రెండూ కలిసి ఒకే పదార్థమవుతాయి, అది సంయోగం. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నం, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది, అది వియోగం. మైలుతుత్తం కలిపిన నీళ్లలో ఇనుప మేకు వేస్తే ఇనుము రాగిని తోసేసి ఆ చోట కూర్చుంటుంది, అది స్థానభ్రంశం. రెండు లవణాలు జతలు మార్చుకుంటే ద్వంద్వ వియోగం.

"బాగుంది. ఇప్పుడు హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే సమీకరణం రాసి తుల్యం చెయ్యి" అన్నారు తాతగారు.

రాసింది. ఎడమవైపు ఆక్సిజన్ పరమాణువులు రెండు, కుడివైపు ఒకటే. కాసేపు పెన్సిల్ కొరికి, నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద ఒక చిన్న 2 చేర్చింది.

"అయిపోయింది తాతయ్యా! అటు రెండు హైడ్రోజన్, రెండు ఆక్సిజన్. ఇటూ అంతే."

తాతగారు లేచి, మందుల డబ్బాలోంచి ఒక సీసా తెచ్చి టేబుల్ మీద పెట్టారు. "నువ్వు తయారు చేసింది ఇదమ్మా. దాహమేస్తే తాగుతావా?"

అది పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్.

"ఫార్ములాలో కిందుండే అంకె ఆ పదార్థం పుట్టుకతో వచ్చింది. దాన్ని ముట్టుకున్నావా, పదార్థమే మారిపోతుంది. ముందు రాసే గుణకం ఒక్కటే నీ చేతిలో ఉంది. ఎన్ని అణువులు తెచ్చావు, ఎన్ని వచ్చాయి, అంతవరకే" అన్నారాయన. ఆ పిల్ల చిన్న 2 చెరిపేసింది. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు, వాటి నుంచి రెండు నీటి అణువులు. లెక్క కుదిరింది, నీరు నీరుగానే ఉంది.

మర్నాడు సాయంత్రం ఎదురింటావిడ వచ్చారు. వారం రోజులుగా స్నానం చేసి వచ్చేసరికి తలపోటు, కళ్లు తిరగడం. చలి పడటం లేదని ఆవిడ అనుకుంటున్నారు. తాతగారికి హిందీ అంతంతమాత్రం. "బాత్రూంలో గ్యాస్ గీజరుందా? వెంటిలేటర్ తెరిచే ఉంటుందా? కనుక్కోమ్మా" అన్నారు మనవరాలితో.

గీజరుంది. పైపు గ్యాసుతో నడుస్తుంది. చలిగాలి, బయటి పొగ రాకుండా వెంటిలేటర్‌కు థర్మోకోల్ ముక్క పెట్టి, చుట్టూ టేపు అంటించేశారు.

తాతగారు చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటికి వెళ్లారు. గీజరు ఆపించి, తలుపులన్నీ బార్లా తెరిపించి, థర్మోకోల్ పీకించాకే కూర్చున్నారు. "ఎందుకో ఆంటీకి నువ్వే చెప్పు" అన్నారు.

ఆ పిల్ల న్యూస్‌పేపర్ అంచున రాయడం మొదలుపెట్టింది. పైపులో వచ్చేది చాలావరకు మీథేన్. ఒక మీథేన్ అణువు పూర్తిగా కాలాలంటే రెండు ఆక్సిజన్ అణువులు కావాలి. ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు నీటి అణువులు వస్తాయి. తూకం వేస్తే అటు 16 గ్రాముల మీథేన్, 64 గ్రాముల ఆక్సిజన్, మొత్తం 80. ఇటు 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 36 గ్రాముల నీరు, అదీ 80. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే కనుక ఒక లీటరు గ్యాసుకు దాదాపు పది లీటర్ల గాలి కావాలి.

"అంత గాలి అందకపోతే?" అని అడిగారావిడ.

"రెండు మీథేన్ అణువులకు నాలుగు ఆక్సిజన్ అణువులు కావాలి కదా ఆంటీ. మూడే ఉన్నాయనుకుందాం." మూడు అణువులంటే ఆరు పరమాణువులు. నాలుగు నీటి అణువులకు నాలుగు పోయాయి. మిగిలినవి రెండు, కార్బన్లు రెండు. ఒక్కోదానికి ఒక్కటే దక్కింది. డయాక్సైడ్‌లోని చిన్న రెండంకె ఎగిరిపోయి కార్బన్ మోనాక్సైడ్ మిగిలింది.

"తాతయ్యా, ఇది కూడా తుల్యమైంది!"

"అవుతుంది. 1789లో రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ తన పుస్తకంలో రాసింది అదే. చర్యకు ముందు ఎంత పదార్థముందో తర్వాతా అంతే ఉంటుంది. మంట ఎప్పుడూ లెక్క తప్పదు. నువ్వు గాలి తగ్గిస్తే, తగ్గినదానితోనే సరిపెట్టి నీకు విషం ఇస్తుంది."

"కానీ గ్యాసు వాసన ఎన్నడూ రాలేదే" అన్నారావిడ. లీకైతే తెలియాలని పైపు గ్యాసుకు వాసన కావాలనే కలుపుతారనీ, మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవనీ ఆ పిల్ల చెప్పింది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు రక్తం పారుతున్నా ఒంటికి ప్రాణవాయువు అందదు. తలపోటు దానికి తొలి హెచ్చరిక.

ఆవిడ ఆ రాత్రే డాక్టరుకు చూపించుకున్నారు. ఆ వారంలోనే గీజరు బాత్రూం బయట, గాలి ఆడే బాల్కనీలోకి మారింది.

నీతి: లెక్క కుదిరినంత మాత్రాన పని సవ్యంగా జరిగినట్టు కాదు. ఇవ్వాల్సింది ఇచ్చి కుదిర్చిన లెక్కే మనిషిని కాపాడుతుంది.

పని తగ్గించుకోవడానికి పదార్థం ఫార్ములా మార్చేవాడు, చలి తప్పించుకోవడానికి గాలి దారి మూసేవాడు చేసే తప్పు ఒక్కటే. ఇద్దరూ లోటును కంటికి కనబడకుండా చేస్తారు. కాగితం మీద అలా చేస్తే మార్కులు పోతాయి. గదిలో చేస్తే ప్రాణం పోతుంది. పిల్లలకు సమీకరణాలు నేర్పేటప్పుడు ఈ తేడా కూడా నేర్పాలి. గ్యాస్ గీజరున్న ప్రతి ఇంట్లో పెద్దలూ నేర్చుకోవాలి. చలికాలమైనా గాలికి దారి వదలాలి. స్నానాల గదిలో తల తిరిగితే వెంటనే బయటికి రావాలి. ప్రకృతి తన లెక్క తప్పక సరిచూసుకుంటుంది. అది మనకు మేలుగా ముగియాలంటే మన వంతు మనం నిండుగా తెచ్చిపెట్టాలి.