తండ్రి మార్చిన పేరు

బేతేలు నుంచి ఎఫ్రాతాకు పోయే దారిలో రాహేలుకు నొప్పులు వచ్చాయి. ఊరు ఇంకా కొంత దూరముంది. కాన్పు కష్టమైంది. భయపడవద్దని, ఈసారి కూడా కొడుకేనని మంత్రసాని ధైర్యం చెప్పింది. ఆ మాటకు వెనక పెద్ద కథ ఉంది. పెద్దకొడుకు యోసేపు పుట్టిన రోజునే రాహేలు ఇంకొక కొడుకును ఇమ్మని దేవుణ్ణి అడిగింది. యోసేపు అనే పేరులోనే ఆ కోరిక దాగి ఉంది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ కోరిక తీరే గడియలోనే ఆమె ప్రాణం పోతోంది. పోతూ పోతూ బిడ్డకు బెనోని అని పేరు పెట్టింది. నా దుఃఖపు కొడుకు అని ఆ హీబ్రూ మాటకు అర్థం. తండ్రి యాకోబు ఆ పేరు ఉండనివ్వలేదు. బెన్యామీను అన్నాడు, అంటే కుడిచేతి కొడుకు. ఈనాడు లోకమంతా బెంజమిన్ అని పిలుచుకునే పేరు పుట్టుక ఇది.

ఆదికాండము 35వ అధ్యాయంలో ఇదంతా కొద్ది వచనాల్లోనే ముగిసిపోతుంది. చనిపోతున్న తల్లి ఆఖరి మాటను తండ్రి ఎలా మార్చగలిగాడు? ఇది కఠినంగా తోచేవాళ్లు ఉంటారు. దీనికి జవాబు అదే అధ్యాయంలో, కొంచెం ముందే ఉందని నేను నమ్ముతాను. బేతేలులో దేవుడు యాకోబుకు కనబడి, నీకు ఇశ్రాయేలు అనే పేరు ఉంటుందని ఆశీర్వదించాడు. ఆ తరువాత జరిగిన ప్రయాణంలోనే రాహేలు కన్నుమూసింది. యాకోబు పుట్టినప్పుడు అన్న ఏశావు మడమ పట్టుకుని బయటికి వచ్చాడు, అందువల్ల ఆ పేరు వచ్చింది. తరువాత ఏశావు ఆ పేరుకే మోసగాడనే అర్థం చెప్పి ఏడ్చాడు. పుట్టిన గడియ తగిలించిన పేరు మనిషిని ఎంతకాలం వెంటాడుతుందో యాకోబుకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ఆ భారం దేవుని చేత దిగిపోయిన మనిషి తన కొడుకు మీద ఇంకొక భారం పెట్టనిస్తాడా?

ఇంకొక సంగతి కూడా గమనించాలి. మిగతా పదకొండుమంది కొడుకుల పేర్లు తల్లులు పలికిన మాటల నుంచే వచ్చాయి. యాకోబు మొదటి భార్య, రాహేలు అక్క అయిన లేయా దిగులు, రాహేలు ఆరాటం, ఇద్దరి మధ్య పోటీ, అన్నీ ఆ పేర్లలో కనిపిస్తాయి. తండ్రి నోరు తెరిచి పేరు పెట్టాడని గ్రంథం స్పష్టంగా చెప్పేది ఈ ఆఖరి బిడ్డ విషయంలో.

కాన్పులో తల్లి పోతే, ‘పుడుతూనే తల్లిని మింగాడు’ అనే మాట మన ఊళ్లలో ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో అందరికీ తెలుసు. ఏ పాపం ఎరగని పసివాడి మీద ఒక చావు బరువు పెట్టి, వాడు పెద్దయ్యాక కూడా గుర్తుచేసే మాట అది. ఇంతకంటే అన్యాయమైన మాట తెలుగులో మరొకటి ఉందనుకోను. యాకోబు ఆ మాటకు చోటివ్వలేదు. భార్య మీద ప్రేమ తక్కువై కాదు. ఆమె కోసం పద్నాలుగేళ్లు మామ దగ్గర చాకిరీ చేసినవాడు, ఆమె సమాధి మీద స్తంభం నిలబెట్టినవాడు. ఆ దుఃఖం తనది, కొడుకుది కాదని అతనికి తెలుసు.

13వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఉండిన యూదు పండితుడు నహ్మనీడీస్ ఈ ఘట్టానికి చెప్పిన వ్యాఖ్యానం నాకు ఎంతో ఇష్టం. రాహేలు పలికిన ‘ఓని’ అనే మాటకు దుఃఖం అనే కాక బలం అనే అర్థం కూడా ఉంది. యాకోబే తన పెద్దకొడుకు రూబేనును ఆశీర్వదించినప్పుడు ఆ మాటను బలమనే అర్థంలో వాడాడు. కుడిచెయ్యి బలానికి గుర్తు. కాబట్టి భర్త భార్య మాటను కొట్టిపారెయ్యలేదని, ఆమె మాటలోనే ఉన్న మంచి అర్థాన్ని పైకి తెచ్చాడని ఆ పండితుని భావం. రాహేలు పెట్టిన పేరును గ్రంథం కూడా చెరిపెయ్యలేదు. రెండు పేర్లూ ఒకే వచనంలో పక్కపక్కనే ఉన్నాయి.

వేరే వివరణలూ ఉన్నాయి. తూర్పు ముఖంగా నిలబడితే కుడివైపున ఉండేది దక్షిణం గనుక హీబ్రూలో యామీను అంటే దక్షిణం కూడా. మిగతా అన్నదమ్ములందరూ ఉత్తరాన పద్దనరాములో పుడితే, ఇతనొక్కడే దక్షిణాన కనానులో పుట్టాడు. సమరయుల సంప్రదాయంలో ఈ పేరు చివర చిన్న మార్పుతో ‘దినముల కొడుకు’ అవుతుంది, అంటే ముసలితనంలో కలిగినవాడు.

ఆదికాండము మొత్తంలో బెన్యామీను ఒక్క మాట కూడా మాట్లాడడు. అతని చుట్టూ అందరూ మాట్లాడతారు. కరవు కాలంలో అన్నలు ఐగుప్తుకు వెళితే తండ్రి ఇతన్ని మాత్రం పంపలేదు. రెండోసారి తప్పక పంపితే, అక్కడ అధికారిగా ఉన్న యోసేపు వెండి గిన్నె ఇతని గోనెలో దొరికింది. అప్పుడు అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చి, ఈ చిన్నవాడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమని వేడుకున్నాడు. యోసేపును అమ్మేద్దామని ఒకనాడు సలహా ఇచ్చినది ఈ యూదానే. రాహేలు పెద్దకొడుకు పట్ల తప్పుచేసిన మనిషి, ఆమె చిన్నకొడుకు దగ్గర మారిపోయాడు.

బెన్యామీను మాట్లాడిన మాటలు లేకపోయినా అతను పెట్టిన పేర్లు ఉన్నాయి. ఐగుప్తుకు వచ్చేనాటికి అతనికి పదిమంది కొడుకులు. ఆ పది పేర్లూ తప్పిపోయిన అన్న యోసేపును తలచుకుని పెట్టినవేనని యూదుల తల్మూదు చెబుతుంది. బెల అంటే పరజనంలో మింగబడినవాడు. బేకెరు అంటే తల్లికి తొలిచూలు. గెరా అంటే పరాయిచోట బతికినవాడు. హుప్పీము దగ్గర ఆగిపోతాం: అన్న నా పెళ్లిపందిరి చూడలేదు, నేను అన్న పెళ్లిపందిరి చూడలేదు. దుఃఖపు పేరు నుంచి తప్పించబడిన కొడుకు తన బిడ్డల పేర్లలో అన్న మీది బెంగను దాచుకున్నాడన్నమాట. అయినా ఆ బెంగలో నింద లేదు, ప్రేమే ఉంది.

అతని పేరు మోసిన గోత్రం చరిత్ర ఎగుడుదిగుళ్లది. కుడిచేతి కొడుకు సంతతిలో ఎడమచేతి వాటంవాళ్లు పేరుపడ్డారు. న్యాయాధిపతి ఏహూదు అలాంటివాడే; గురి తప్పకుండా వడిసెల విసిరే ఏడువందలమందీ అలాంటివాళ్లే. ఈ గోత్రంవాళ్ల ఊరు గిబియాలో జరిగిన ఘోరం వల్ల మిగతా గోత్రాలతో యుద్ధం వచ్చి, కొండల్లోకి పారిపోయిన ఆరువందలమంది మగవాళ్లు మాత్రమే మిగిలారు. అంత చితికిపోయిన గోత్రం నుంచే ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు వచ్చాడు, ఎస్తేరును పెంచిన మొర్దెకై వచ్చాడు. చాలా శతాబ్దాల తరువాత ఇంకొక సౌలు, మనం పౌలు అని పిలిచే అపొస్తలుడు, చెరలో నుంచి ఫిలిప్పీయులకు రాస్తూ తాను బెన్యామీను గోత్రంవాడినని చెప్పుకున్నాడు.

మధ్యయుగపు ఐరోపా క్రైస్తవుల్లో ఈ పేరు అంతగా వాడుకలో లేదు. మతసంస్కరణ తరువాత పాతనిబంధన పేర్ల మీద మక్కువ పెరిగినప్పుడు, ముఖ్యంగా ప్యూరిటన్ల ఇళ్లలో, ఇది విరివిగా వినిపించింది. 1706లో బోస్టన్‌లో, పదిహేడుగురు పిల్లలున్న ఇంట్లో ఆఖరి కొడుకుగా పుట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ దీన్ని లోకమంతా ఎరిగేలా చేశాడు. ఫ్రెంచివాళ్లు ఇంటి కడగొట్టు బిడ్డను ఎవరినైనా బెంజమిన్ అనే అంటారు. అమెరికాలో 2010ల చివరి ఏళ్లలో మగపిల్లలకు పెట్టిన పేర్లలో ఇది మొదటి పదింటిలో నిలిచింది.

దక్షిణాది భాషలకు ఈ పేరున్నవాళ్లు చేసిన సేవ వేరే చెప్పాలి. మలయాళంలోకి బైబిలు తెచ్చి కొట్టాయంలో అచ్చువేసినవాడు బెంజమిన్ బెయిలీ. కన్నడ శాసనాలను సేకరించి ప్రచురించినవాడు బెంజమిన్ లూయిస్ రైస్. మనకైతే వాళ్లిద్దరికంటే ముందే బెంజమిన్ షుల్జ్ ఉన్నాడు. 1719లో తరంగంబాడికి వచ్చి, తరువాత మద్రాసులో ఉండి, తెలుగు నేర్చుకుని బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. కానీ జర్మనీకి తిరిగి వెళ్లాక 1746, 47 సంవత్సరాల్లో హాలె నగరంలో చిన్న చిన్న తెలుగు మతగ్రంథాలు అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చరిత్రకారులు లెక్కించేది వాటినే.