అనధ్యాయానికీ ఒక ధర్మం

కరోనా లాక్‌డౌన్‌కు మూతపడ్డ మద్యం దుకాణాలను ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 4న తెరిచారు. జూన్ 11న తిరుమలలో సామాన్య భక్తులకు దర్శనం మొదలైంది. నవంబరు 2న తొమ్మిది, పది తరగతుల పిల్లలు బడికొచ్చారు. ఒకటో తరగతి వాళ్ల వంతు వచ్చేసరికి 2021 ఫిబ్రవరి 1 అయింది. ఈ వరస ఎవరూ కూర్చుని ఆలోచించి రాసింది కాకపోవచ్చు. అయినా ఒక సమాజం దేనికి ముందు గొళ్లెం తీస్తుందో, దేన్ని ఇంకొన్నాళ్లు ఆగమంటుందో అందులో తేటతెల్లంగా ఉంది.

దీనికి సమర్థన లేకపోలేదు. కొండకు వెళ్లే భక్తుడు పెద్దవాడు, తన ప్రమాదాన్ని తానే ఎంచుకుంటాడు. పిల్లల సంగతి అలా కాదు. వాళ్ల తరఫున వేరెవరో నిర్ణయించాలి. వాళ్లు తుమ్మి ఊరుకున్నా ఇంట్లో నాయనమ్మ మంచం పట్టవచ్చు, రేపో మాపో రిటైరయ్యే మాస్టారు ఆసుపత్రి పాలు కావచ్చు. ఒకరి ప్రాణాపాయం గురించి మరొకరు నిర్ణయించాల్సి వస్తే ఏది ధర్మమన్నదే బడి గేటు దగ్గర ఎదురైన చిక్కు.

నవంబరులో బడులు తెరిచినప్పుడు నిబంధనలు పకడ్బందీగానే ఉన్నాయి. గదికి పదిహేను, పదహారు మంది. రోజు విడిచి రోజు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా, ఆపైన భోజనం పెట్టి ఇంటికి. అన్నిటికంటే ముందు తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం. చూడబోతే ఈ కాగితమే అసలు తాత్త్విక పత్రం. కృష్ణా జిల్లా మొవ్వ చుట్టుపక్కల అవి సార్వా వరి కోతకొచ్చే రోజులు. కూలికి వెళ్లే తల్లి ఆ కాగితం మీద సంతకం పెట్టకపోతే పిల్లను గట్టు మీద కూర్చోబెట్టుకోవాలి, లేదా ఇంట్లో ఒంటరిగా వదలాలి. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటి నుంచే ఉద్యోగం చేసే తండ్రి కూడా అదే కాగితం మీద సంతకం పెడతాడు. వద్దనే వీలు ఒకరికి ఉంది, మరొకరికి లేదు. ఇద్దరి సంతకాన్నీ ఒకే సమ్మతిగా లెక్కేసుకుంటే సర్కారు బాధ్యత కాస్త తేలికపడుతుంది. తల్లి మీద బరువు మాత్రం తగ్గదు.

తెరిచిన మూడు రోజులకే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు కరోనా ఉన్నట్టు తేలింది. అప్పటి పాఠశాల విద్య కమిషనరు వాడ్రేవు చినవీరభద్రుడు. కవిగా, వ్యాసకర్తగా తెలుగు పాఠకులకు ఆయన పరిచితుడే. దాదాపు నాలుగు లక్షల మంది వస్తే సోకింది 0.1 శాతానికి కూడా కాదని, అది బడిలోనే అంటుకుందనడం సరికాదని ఆయన వివరించారు. లెక్క తప్పు కాదు. కానీ రాష్ట్రం మొత్తాన్ని చూడాల్సిన అధికారికి పనికొచ్చే ఆ శాతంతో, ఒక్కడే కొడుకున్న ఇంట్లో ఎవరూ ఊరట చెందరు.

మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఇదే చిక్కును రెండో కొస నుంచి పట్టుకుంది. 2021 జూన్ 24న పది, ఇంటర్ పరీక్షలు పెట్టి తీరతామన్న రాష్ట్ర ప్రభుత్వాన్ని జస్టిస్ ఎ.ఎం. ఖాన్విల్కర్, జస్టిస్ దినేశ్ మహేశ్వరి ధర్మాసనం నిలదీసింది. ఒక్క ప్రాణం పోయినా ప్రభుత్వానిదే బాధ్యతని, పరిహారం కోటి రూపాయల దాకా ఉండవచ్చని హెచ్చరించింది. ఆ సాయంత్రమే పరీక్షలు రద్దయ్యాయి. రెండో వేవ్ అప్పుడే పీడకలలా గడిచింది. ఆ జాగ్రత్తను ఎవరూ తప్పుపట్టలేరు.

అయితే తెరవడం వల్ల పోయే ప్రాణానికి ఒక పేరుంటుంది, తేదీ ఉంటుంది, కోర్టులో అడిగేవాళ్లుంటారు. మూయడం వల్ల జరిగే నష్టానికి అవేవీ ఉండవు. కూడికలు మరిచిపోయిన పిల్ల, చేపల చెరువు పనికి అలవాటుపడి తిరిగి రాని కుర్రాడు ఏ పిటిషన్‌లోనూ కనపడరు. ఏమీ చేయకపోవడం కూడా ఒక కర్మేనని గీత నాలుగో అధ్యాయం చదివినవాళ్లకు తెలుసు. పాలనలో ఆ ఎరుక అంత తేలిగ్గా రాదు.

నిజానికి చదువు ఆపాల్సిన వేళల గురించి మన ధర్మశాస్త్రాలు చాలానే ఆలోచించాయి. కృష్ణా తీరపు వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది ఆపస్తంబ సూత్రం. ఆ ధర్మసూత్రంలోనూ, మనుస్మృతి నాలుగో అధ్యాయంలోనూ అనధ్యాయాల పట్టిక పెద్దదే: ఉరుములు, దుమ్ముగాలి, దొంగలు పడ్డ ఊరు, నిప్పంటుకున్న ఊరు. ఊళ్లో శవం ఉంటే పాఠం లేదు. జనం గుంపుగా చేరినా లేదు. కష్టకాలంలో బడి ఆపడం అపచారమని ఆ పెద్దలు అనుకోలేదన్నమాట.

వీటితోపాటు గమనించాల్సినవి మరో రెండున్నాయి. తైత్తిరీయ ఆరణ్యకం ఒంటరిగా చేసుకునే స్వాధ్యాయానికి ఈ ఆటంకాలను వర్తింపజేయదు. ఉరిమినా మెరిసినా అది సాగాల్సిందే. మనిషి గానీ చోటు గానీ అశుచిగా ఉంటేనే విరామం. గురువు ముందు గుమిగూడటం ఆగవచ్చు, చదువు ఆగకూడదు. లాక్‌డౌన్‌లో గుళ్లు కూడా ఇలాగే నడిచాయి. దర్శనాలు ఆపి, నిత్య కైంకర్యాలు ఏకాంతంగా జరిపించారు. ఇక రెండోది చేదు నిజం. మనుస్మృతిలో శవం గురించి చెప్పిన శ్లోకమే శూద్రుడు దగ్గరలో ఉన్నా వేదపాఠం ఆపమంటుంది. అంటే ఆ విరామం అందరికీ ఒకేలా వర్తించేది కాదు. కొందరికి కొన్ని ఘడియలు, కొందరికి జీవితాంతం.

2020లో ఆ రెండూ కలిసే వచ్చాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, ఫోన్లలో వీడియోలు వచ్చాయి. ఆ సెప్టెంబరులో అసర్ చేసిన సర్వే ప్రకారం దేశంలో పల్లె పిల్లల్లో 61.8 శాతం ఇళ్లలోనే స్మార్ట్‌ఫోన్ ఉంది. అంతకుముందు వారంలో బడి నుంచి ఏదైనా పాఠ్యసామగ్రి అందినవాళ్లు మూడింట ఒక వంతు. ఇంట్లో ఫోన్ ఉన్నా సాయంత్రం నాన్న వచ్చేదాకా అది పిల్లల చేతికి రాదు. ఫోన్ సమయానికి దొరికినా అన్నీ అందులో నేర్వలేరు. మొవ్వ మండలంలోనే ఉన్న కూచిపూడిని చూస్తే అర్థమవుతుంది. గురువు కర్రతో వేసే తాళం ఫోన్‌లో అరక్షణం ఆలస్యంగా వినపడితే అడుగు తప్పుతుంది. మోకాలు ఎంత వంచాలో పక్కన నిలబడి చూస్తే గానీ సరిదిద్దలేరు. ఒకటో తరగతిలో అక్షరం దిద్దించడమూ అలాంటి పనే. ఆ తరగతినే చివరన తెరిచారు.

ఈ కృష్ణా డెల్టాలో బడికి ఇంకో పాత్ర కూడా ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగేశాక తీరం వెంట పక్కా తుపాను షెల్టర్లు కట్టారు. చాలాచోట్ల అవే బడులయ్యాయి. గాలివాన వస్తోందంటే నాగాయలంక, కోడూరు వైపు జనాన్ని బడికే తరలిస్తారు. నలుగురూ చేరడమే అక్కడ రక్షణ. అంటురోగం దీన్ని తలకిందులు చేసింది. చేరడమే ప్రమాదమైంది. 1918 ఇన్‌ఫ్లూయెంజాలో న్యూయార్క్ మాత్రం ఇరుకు ఇళ్లలో కంటే నర్సులు రోజూ చూసే బడిలోనే పేద పిల్లలు క్షేమమని బడులు మూయలేదు. అది సాహసమో, సాహసించదగ్గ వైద్య వ్యవస్థ వాళ్లకుండటమో చెప్పడం కష్టం. బడికి నర్సు లేనిచోట ఆ ఉదాహరణను ఉన్నపళంగా తెచ్చి అతికించలేం.

2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్ల లెక్క ఒకసారి చూడాలి. 2021 ఫిబ్రవరి 1న బడి చూసింది. ఏప్రిల్ 20 నుంచి మళ్లీ మూత. ఆగస్టు 16న తెరిచేసరికి రెండో తరగతి. ఒకటో తరగతి మొత్తం పదకొండు వారాలు. అంత ఆలస్యంగా తెరవడం, మళ్లీ మూయడం, ఈ రెండు నిర్ణయాలూ ఆ రోజుకు సబబే కావచ్చు. సబబైన నిర్ణయానికీ మూల్యం ఉంటుంది, ఇక్కడ అది కట్టింది ఆరేళ్ల పిల్ల. తుపాను హెచ్చరిక రాగానే ఏ ఊరివాళ్లను ఏ షెల్టరుకు చేర్చాలో, బియ్యం ఎక్కడున్నాయో ఈ జిల్లా యంత్రాంగం దగ్గర కాగితం సిద్ధంగా ఉంటుంది. అంటురోగానికీ అలాంటి కాగితం ప్రతి మండలంలో ఉండాలి. ఏ ఇంట్లో ఫోన్ లేదు, ఏ తల్లి కోతలకు వెళ్తుంది, ఏ మాస్టారికి షుగరుంది, మూసిన బడిని మళ్లీ ఏ రోజు సమీక్షిస్తారు, తెరిచేటప్పుడు ఏ తరగతితో మొదలుపెడతారు అన్నవి అందులో ముందే రాసి ఉండాలి.