అక్కడ టైమెంతైంది?

జగిత్యాల దిక్కు ఒక ఊరాయన రియాద్‌లో హౌస్ డ్రైవర్. ఆయన కఫీల్‌కు, అంటే పనిలో పెట్టుకున్న యజమానికి, వాచీల పిచ్చి. హాల్లో ఒక అద్దాల పెట్టె, అందులో ఎనిమిది స్విస్ వాచీలు చిన్న చిన్న మోటార్ల మీద రాత్రీ పగలూ తిరుగుతుండేవి. ఆటోమేటిక్ వాచీకి బ్యాటరీ ఉండదు. లోపల అర్ధచంద్రంలాంటి లోహపు ముక్క ఒకటుంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును బిగిస్తుంది. రెండు మూడు రోజులు పక్కన పెడితే ఆగిపోతుంది. ఎనిమిది వాచీలకు ఒక్క మనిషి చెయ్యి చాలదు కాబట్టి ఈ కరెంటు ఏర్పాటు. డ్రైవర్‌కు మాత్రం ఆ పెట్టెను చూస్తే జనం వెళ్లిపోయాక ఇంకా తిరుగుతున్న జాతర రంగులరాట్నం గుర్తొచ్చేది.

వాటిలో బంగారంది ఒక్కటీ లేదు. మగవాళ్లు బంగారం తొడగరాదన్న మతనియమం కఫీల్ పాటించేవాడు. అన్నీ స్టీలూ, ప్లాటినమూ. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. తెలిసినవాడికే తేడా తెలుస్తుంది. అసలు సరదా అంతా అక్కడే ఉందేమో.

ఒక రంజాన్ పండక్కి, పదిహేనేళ్ల నమ్మకానికి గుర్తుగా, ఆయన ఒక స్టీలు వాచీ తీసి డ్రైవర్ చేతిలో పెట్టాడు.

"మా తాత రోజూ మగ్రిబ్ వేళకు వాచీని పన్నెండుకు తిప్పుకునేవాడు. అప్పట్లో మాకు పొద్దు గూకితే పన్నెండు. వాచీకి ఆయనతో రోజూ పనిపడేది. వీటికి నాతో ఏ పనీ లేదు," అన్నాడు.

డ్రైవర్‌కు కొత్త బాధ మొదలైంది. పెట్టుకుంటే కారు డోరుకు గీసుకుంటుందని భయం, పెట్టుకోకపోతే ఆగిపోతుందని దిగులు. సెలవుకు పోయినప్పుడు ఊరికి తీసుకుపోయి భార్యకిచ్చాడు. "బీరువాల పెట్టు. ఎవ్వలకు చెప్పకు," అని తిరిగి విమానమెక్కాడు.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఆమె మొదటి మాట, "అక్కడ టైమెంతైంది?" తిన్నవా అనేది దాని తర్వాతే. ఊసుపోక అడుగుతోందనుకుని సెల్లులో చూసి చెప్పేవాడు.

రెండేళ్లకు ఇంటికొచ్చి బీరువా తీస్తే చుట్టిపెట్టిన గుడ్డ ఉంది, వాచీ లేదు. గుండె జారింది. బయటికొస్తే అరుగు మీద ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వాచీ ఆమె చేతికే ఉంది. మగవాళ్ల పట్టీ కదా, మణికట్టు దగ్గర నిలవక మోచేతి దాకా జారి ఉంది. తునికాకు కత్తిరించినప్పుడు ఒకసారి, చుట్టినప్పుడు ఒకసారి అటూ ఇటూ ఊగుతోంది. సెకన్ల ముల్లు నున్నగా పోతోంది. కానీ టైము రెండున్నర గంటలు వెనక.

"చెడగొట్టినవా ఏందే?"

"చెడిపోలే. అది మీ అక్కడి టైము. నువ్వు డ్యూటీల ఉన్నవో, పండుకున్నవో తెల్వాలె గద. రోజుకింత ముందుకురుకుతది. అందుకే నిన్నడిగి సరిచేస్తున్న."

ఆయన కరీంనగర్ తీసుకుపోయి సర్వీసింగ్‌కిచ్చాడు. మెకానిక్ కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత విప్పాడు. "నూనె మార్చాలె. మిషన్ మంచిగుంది," అని, పట్టీ సందుల్లోంచి తంబాకు పొడి బ్రష్షుతో దులుపుతూ, "ఎవరు పెట్టుకుంటరు దీన్ని?" అన్నాడు. ఈయన చెప్పలేక చెప్పలేక, "ఇంట్ల," అన్నాడు.

నీతి: వాచీ కొన్నవాడిది కాదు, దాచినవాడిది కాదు, నడిపిన చేతిది.

పిల్లలకైతే ఇక్కడితో ఆపొచ్చు. పెద్దవాళ్లకు ఇంకో పేచీ ఉంది. 1969 డిసెంబర్ 25న సీకో వాళ్లు మొదటి క్వార్ట్జ్ చేతివాచీ అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు కచ్చితత్వంలో చవక క్వార్ట్జ్ వాచీ కూడా లక్షల స్విస్ వాచీని ఓడిస్తోంది. పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న స్విస్ యంత్రానికే రోజుకు నాలుగు సెకన్లు వెనకబడటానికీ, ఆరు సెకన్లు ముందుకురకడానికీ అనుమతి ఉంది. రోజుకు ఐదు సెకన్లు చొప్పున వదిలేస్తే రెండేళ్లకు గంట తేడా. టైము తెలియడమే కావాలంటే మక్కా టవర్ మీద ఒక్కో ముఖం 43 మీటర్ల వెడల్పున్న గడియారం ఉంది, తల ఎత్తితే చాలు. అయినా జనం ఇలాంటి స్విస్ వాచీలే కొంటారు, కొన్నేళ్లకోసారి విప్పించి, కడిగించి, నూనె వేయించి, రబ్బరు వాషర్లు మార్పించి మళ్లీ డబ్బు పోస్తారు. నాకు ఇది వట్టి డాబనిపించదు. మన చెయ్యి కోసం చూసే వస్తువు ఇంట్లో ఒకటుండటం బాగుంటుంది. అద్దాల పెట్టెలో మోటారు పెట్టి ఆ ఒక్క అవసరం కూడా తీర్చేస్తే ఇంకేం మిగిలిందో ఆ కఫీల్‌కే తెలియాలి. ఆయనకు తెలిసే ఇచ్చాడేమో కూడా.

కరీంనగర్ మెకానిక్ వాచీని ఇండియా టైముకు పెట్టి ఇచ్చాడు. సెలవున్న రెండు నెలలూ ఆమె దాన్ని అలాగే ఉంచింది. ఆయన విమానమెక్కిన రోజు సాయంత్రం చాట ముందు కూర్చుని, కీ బయటికి లాగి, రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకుంది.